ప్రయాణ వివరాలు

సాగర్ హిల్ కాలనీ దవాఖానల
నా గది మెట్ల కింద.
ఒక మైక్రోస్కోపు, మూత పడని ఫ్రిజ్జు,
కిటికీకి అడ్డం కట్టిన పాత ఎక్స్‌రే ఫిల్ము.
అయోడిన్ మరక పోని ఈ వేళ్లతోనే
ఇరవై రెండేండ్లుగ అన్నం తింటున్న.

పొద్దుగాలనే జానయ్య వచ్చిండు,
గెస్ట్‌హౌస్ వంటాయన.
చేతిల నీలం మూత డబ్బా,
మీద తేది, టైము, గుండ్రటి అక్షరాల పేరు.
"వియత్నాం అమ్మది. స్తూపాలు చూడొచ్చింది.
దిగి నాలుగు దినాలు,
రెండో రోజు సంది బయటికే.
అందరు నా దిక్కే చూస్తున్నరు మేడం.
నీళ్లు కాచే పోసిన. నా పిల్లల మీద ఒట్టు."

ఒట్లతోని నాకు పనిలేదు.
గాజుపలక మీద ఉప్పునీటి చుక్క,
పుల్ల మొనంత మలం,
పైన పల్చటి అద్దం, గాలిబుడగ రాకుండ.

కనబడ్డది.
నిలువుగ కోసిన జామకాయ తీరు మొఖం,
రెండు కండ్లు,
రాలే ఆకు తిరిగినట్టు తిరుగుకుంట
నన్నే చూసింది.
జియార్డియా.
దీనికి నోరు లేదు, ఒళ్లంత నోరే.
పేగు గోడకు అతుక్కొని
మనం తిన్నది మనకన్న ముందు తింటది.
పెంకు కట్టుకున్నదంటె
క్లోరిన్ బిళ్లకు గూడ బెదరదు.

అయితె, వేళ్లు మడిచి లెక్కబెట్టిన.
లోపల పడ్డంక ఇది పని షురూ చెయ్యాలంటె
వారం కావాలె, ఒక్కోసారి రెండు.
ఈమె రెండో రోజుకే మంచం పట్టింది.
ఫారం తిప్పిన.
"ప్రయాణ వివరాలు" గడిల చోటు సాలక
అంచులకు పాకిన రాత:
ఖాట్మండు, లుంబిని, గయ,
పాట్నా రైలు, హైదరాబాదు, సాగరు.
ఎక్కడో ఒక గ్లాసు, ఒక ఐసుముక్క,
కడిగీ కడగని కొత్తిమీర.
మనది కాదు.
కృష్ణది కాదు, జానయ్యది కాదు.

"నీ వంటది తప్పు లేదయ్యా,
సామాన్లతోపాటే మోసుకొచ్చింది" అన్న.
గోడకు ఆనుకొని కూసున్నడు. నవ్విండు.
భుజమ్మీది తువాలతోని ముక్కు తుడుసుకున్నడు.
నాకూ, సిగ్గిడిసి చెప్తున్న,
ఊరి మీది కేసు కొట్టేసినట్టు
ఛాతి ఒక అంగుళం పెరిగింది.
ఇద్దరికి టీ తెప్పిచ్చిన.

టీ సల్లారకముందె రెండో శాంపిలు.
అగ్గిపెట్టె.
లోపల బిస్కెట్ పొట్లం కాగితం.
కేతావత్ మాన్సి, ఆరేండ్లు,
బరువు పదమూడు కిలోలు.
తల్లి గడప అవుతలనే నిలబడ్డది,
మిరపతోట ఘాటు ఆమెకన్న ముందు లోపలికొచ్చింది.
"ఎన్ని రోజుల సంది?"
"ఎప్పటి సందో. ఆగుతది, మళ్లొస్తది.
పిల్లలకు గంతే గదా మేడం."

అదే మొఖం.
అవే రెండు కండ్లు.
పలక ఎటు జరిపినా.

ఫారం నింపిన.
"ఎక్కడికన్న పోయొచ్చిన్రా?"
చానాసేపు ఆలోచించింది,
తప్పు చెప్తె మందియ్యరేమో అన్నట్టు.
"తండ కాడికెల్లి బోరింగు దాక.
బోరింగు ఎండినంక కాలువ దాక.
ఇయ్యాల ఈడిదాక, ఆటోల."

రాసిన.
గడిల ఇంక మస్తు చోటు మిగిలింది.

ఆ అమ్మ రోగానికి పుస్తకాలల్ల పేరున్నది,
యాత్రికుల విరేచనాలని.
వచ్చిపోయెటోళ్లకు పేరు పెట్టిన్రు.
ఉన్నకాడనే ఉన్న పిల్లకు
"గంతే గదా."

ఇద్దరికి ఒకటే మాత్ర,
ఇనుపముక్క చప్పరిచ్చినట్టు చేదు.
పదోరోజుకు ఆమె విమానం ఎక్కుతది.
పదోరోజుకు మాన్సి కాలువకు పోతది,
చిన్న బిందె తనది, పెద్దది తల్లిది.

జానయ్య ఇంక పోలే.
అగ్గిపెట్టె దిక్కు చూసి మెల్లగ అడిగిండు,
"మరి దీన్ని ఎవరు మోసుకొచ్చిన్రు మేడం?"

ఈసారి వేళ్లు మడవలే.
టీ మీద మీగడ కట్టింది.